చివరి తూముకు నీరు

మా మనవరాలు బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, నేవీలో ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు తెనాలిలో మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"నిరుడు ఇంటర్వ్యూలోనే దెబ్బతిన్నాను తాతయ్యా. నౌకాదళం ఎందుకన్నారు. శత్రువు ఓడల్ని ముంచడానికన్నాను. యుద్ధం లేనప్పుడో అన్నారు. నోరు పెగల్లేదు. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది."

నాకు ఓడల సంగతి తెలియదు. నీటిపారుదల శాఖలో కాలవల మీద పనిచేసినవాణ్ణి. అయినా ఏదో గుర్తొచ్చి, బీరువాలోంచి ఆనాటి డైరీలు రెండు తీశాను.

మొదటి దాన్నిండా ఒకటే రాత. వంతు తప్పి కాలవలోంచి నీళ్లు తోడుతున్న ఇంజన్లు ఇవాళ మూడు పట్టుకున్నాం, ఇవాళ నాలుగు. పై అధికారి మెచ్చుకున్నాడు కూడా. ఒకరోజు కాలవ చివరనున్న రేపల్లె శివారు రైతు ఒకాయన బస్సెక్కి ఆఫీసుకు వచ్చి, ఎండిన నారుకట్ట నా బల్ల మీద పెట్టాడు.

"ఇంజన్లు బాగా పట్టుకుంటున్నారంటగా అండి. వాటినే వండుకు తినమంటారా?"

అప్పుడు తట్టింది. కాలవ చివర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో నేను ఒక్కరోజూ రాసుకోలేదు.

ఆ తర్వాత పొద్దున్నే ముందు చివరి తూము దగ్గరికి వెళ్లేవాణ్ణి. కాలవ కాపలా లస్కర్లను ఒకేచోట నిలబెట్టకుండా, అందరికీ కనబడేలా గట్టు వెంట తిప్పాను. ఉన్నది కొద్దిమంది, కాలవేమో పొడుగు. ఎప్పుడు ఎటు వస్తారో తెలియక ఇంజన్లు వాటంతటవే లేచిపోయాయి.

మనవరాలు రెండో డైరీ తిప్పింది. "ఇదేంటి తాతయ్యా! నెలంతా 'విశేషం లేదు, చివరి తూముకు నీరు అందింది' అనే రాశావు?"

"పై అధికారీ అదే అడిగాడమ్మా, నిద్రపోతున్నావా అని."

ఆమె డైరీ మూసింది. "అంటే నేవీకైనా అంతే, మన ఎరువుల ఓడ, చమురు ఓడ క్షేమంగా రేవు చేరితే చాలు. తుపాకి పేలకపోయినా పనైనట్టే."

"పేల్చగలరని అవతలివాడికి తెలియాలి. ఇంజను జప్తు చేసే కాగితం మా లస్కర్ల జేబులో ఎప్పుడూ ఉండేది."

ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ చేసింది. మళ్లీ అదే అడిగారట. రేపల్లె నారుకట్ట గురించి చెప్పిందట.

ఇప్పుడు శిక్షణలో ఉంది. ఆదివారం ఫోనులో ఏమైనా సంగతులున్నాయా అని అడిగితే, "విశేషం లేదు తాతయ్యా" అంటుంది. నేను డైరీలో అలాగే రాసుకుంటున్నాను.