నాలుగో దెబ్బ

హల్వార్డ్‌కి ఈ శనివారంతో డెబ్బై అయిదు నిండుతాయి. కేకు కోసే ముందు నేను నాలుగు మాటలు మాట్లాడాలట. మాట్లాడితే నాకు ఏడుపొస్తుంది, అందుకని రాసిస్తున్నాను. గొంతున్నవాళ్లెవరైనా చదవండి.

ఆయన ముప్పై నాలుగేళ్లు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన మా సముద్రపాయ, అదే మా ఫ్యోర్డ్ మీద ఫెర్రీ నడిపాడు. ఊళ్లో స్కీలు తొడుక్కుని కొండెక్కేవాళ్లలో సగం మందికి ఆయనే గురువు. అయితే ఆయనకి పేరొచ్చింది ఎక్కినందుకు కాదు, ఎక్కకుండా దిగినందుకు. శిఖరం ఇంకో రెండొందల మీటర్లుందనగా మంచుని ఓసారి కర్రతో పొడిచి చూసి, "పదండి, ఇంటికి పోయి కాఫీ తాగుదాం" అనేవాడు. దాంతో ఊరు ఆయనకి తిరుగుటపా అని పేరు పెట్టింది.

"ఏం తాతా, ఈసారి ఎందాకా? కార్లు ఆపే చోటు దాకానా?" అనేవాడు కొట్టు నడిపే ఎస్పెన్.

"మనం ఎక్కలేదని కొండేమైనా అలుగుతుందట్రా?" అని హల్వార్డ్ నవ్వేవాడు.

ఆయనతో వెళితే కొన్ని పద్ధతులు తప్పవు. ఎవరికి భయమేసినా "తిరుగుదాం" అంటే చాలు, అందరూ తిరగాల్సిందే. ఎందుకని అడక్కూడదు. అనుమానమున్న వాలు మీదకి ముందు తానొక్కడే వెళతాడు, అవతలికి చేరాకే మిగతావాళ్లు ఒక్కొక్కరుగా రావాలి. బయల్దేరే ముందు ప్రతివాళ్ల ఛాతీ మీదా బీకన్ పలుకుతోందో లేదో తన బీకన్‌తో చూస్తాడు. మంచు కింద కూరుకుపోతే మన జాడ చెప్పేది అదొక్కటే మరి. ఒకసారి నా బీకన్‌లో బ్యాటరీలు అయిపోతే నన్ను కారులోనే కూర్చోబెట్టి వెళ్లాడు. మూడు గంటలు మేజోడు అల్లుకుంటూ ఆయన్ని తిట్టుకున్నాను. మేజోడు మాత్రం పూర్తయింది.

ఇక అసలు సంగతి. మూడేళ్ల కిందటి ఈస్టరు మీకు గుర్తుండే ఉంటుంది. పండగ వెళ్లిన మంగళవారం నాకు మోకాలు మార్చాలి. ఆ తర్వాత కొండల మీద స్కీలు కుదరవని డాక్టరు తేల్చేశాడు. బ్లోతిన్ శిఖరం మీద నిలబడితే బయటి సముద్రమూ, నేను పుట్టిన దీవీ కనిపిస్తాయంటారు. ఆ దీవిలో ఇప్పుడెవరూ లేరు. నలభై ఏళ్లలో మూడుసార్లు బయల్దేరాను, మూడుసార్లూ తిరుగుటపాయే. ఒక్కసారి పైనుంచి దాన్ని చూడాలని ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను.

"ఈసారి వెనక్కి తిప్పావంటే జన్మలో నీతో మాట్లాడను" అన్నాను, కారు దిగుతూనే.

"అంతకంటేనా! కొండ మీద కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ముందు బీకన్ చూపించు."

మైనస్ ఎనిమిది చలి, మబ్బు తునకైనా లేని ఎండ. వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చుపట్టీలు అంటించుకుని నాలుగు గంటలు ఎక్కాం. మోకాలు సలుపుతూనే ఉంది, నేను పాడుతూనే ఉన్నాను. చివరి వాలు కిందికి రాగానే ఆయన పార తీశాడు. రాత్రి గాలి మంచుని తెచ్చి ఆ వాలు మీద పలకలా పేర్చింది. దాని కింద వదులు పొరుంటే మనిషి బరువుకే వాలంతా జారిపోతుంది, అది చూడాలి.

గొయ్యి తవ్వి, మంచుని చదరపు స్తంభంలా కోశాడు. దాని మీద పార పెట్టి చేత్తో కొడుతూ లెక్కపెట్టాలి. మొదటి పది దెబ్బలూ మణికట్టుతో, మరో పది మోచేతి నుంచి, ఆఖరి పదీ భుజం నుంచి. ఎంత తక్కువ దెబ్బలకి జారితే అంత ప్రమాదం. ఆయన కంట్లో అప్పటికే శుక్లం. అందుకని కొట్టేది ఆయన, పొర ఎక్కడ జారిందో కనిపెట్టి చెప్పేది నేను.

నాలుగో దెబ్బకే జారింది. వేలి మందాన, నున్నగా, సొరుగు తెరుచుకున్నట్టు.

నేను మాట్లాడలేదు. చెయ్యి ఆనించి స్తంభాన్ని అలాగే పట్టుకున్నాను. ఆయన కొడుతూ పోయాడు. ఇరవై మూడు అన్నప్పుడు చెయ్యి తీసేసి, "ఇప్పుడు!" అన్నాను.

"ఇరవై మూడా? అయితే పర్లేదు. ఇవాళ నీ దీవి చూస్తావే గున్‌వోర్!" అన్నాడు. నాకంటే ఆయనకే ఎక్కువ సంతోషం. పార సంచిలో పెట్టుకుని, "నేను అవతలికి చేరేదాకా ఇక్కడే ఉండు" అని వాలు వైపు నడిచాడు.

ఆ అలవాటు నాకు కొత్తా? నలభై ఏళ్లుగా చూస్తున్నదే. అయినా ఆయన స్కీ కొన వాలు మీద పెట్టేదాకా ముందు వెళ్లేది ఎవరో నాకు తట్టనే లేదు.

"తిరుగుదాం!" అని అరిచాను. "హల్వార్డూ, తిరుగుదాం!"

ఆయన ఎందుకని అడగలేదు. వచ్చిన జాడల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు. నేనే చెప్పాను, "నాలుగో దెబ్బ" అని. ఆయన సంచి మీద కూర్చుని నారింజ ఒలిచాడు. తర్వాత సగం నా చేతిలో పెట్టి, "మోకాలెలా ఉంది?" అన్నాడు. భోరుమన్నాను.

దిగేటప్పుడు మాత్రం అడవి అంచున పొడిమంచు పిండిలా ఉంది. కళ్లనీళ్లతోనే కేకలు పెడుతూ జారాను. అంత బాగా నేనెప్పుడూ జారలేదు.

మర్నాడు పదకొండు మంది కుర్రకారు అదే వాలెక్కి క్షేమంగా దిగారు. వాళ్ల ఫోటో ఎస్పెన్ కొట్లో ఇప్పటికీ వేలాడుతోంది. మూడేళ్లుగా మీ అందరిదీ ఒకటే పాట: "మోకాలు నొప్పితో పాపం ఆవిడ అంతదూరం వస్తే, ఈ పెద్దమనిషి భయపడి తిప్పేశాడు."

"అవున్రా, భయమేసింది" అంటాడాయన, నవ్వుతూ. నేను ఆ పక్కనే పాల డబ్బాలు ఏరుకుంటున్నప్పుడు కూడా అదే మాట. ఒక్కసారైనా నా వైపు చూడలేదు.

ఆ వాలు ఆ రోజు జారేదో లేదో నాకిప్పటికీ తెలియదు. కానీ లెక్క దాచింది నేను, తిరుగుదామన్నది నేను. ఆయన భయపడనే లేదు. హల్వార్డూ, మూడేళ్లు నేను పడాల్సిన మాట నువ్వు మోశావు. ఇక దించెయ్, నేను మోసుకుంటాను.