సుగుణక్కతో కోట చూసిన రోజు

మొన్న ఫిల్మ్‌నగర్‌లో పాట చిత్రీకరణ మధ్యలో వాన పట్టుకుంది. లైట్ల మీద టార్పాలిన్లు కప్పేసి, మిగిలిన ఒకదాని కింద డ్యాన్సర్లమంతా ఒదిగి కూర్చున్నాం. తడిసిన టార్పాలిన్ వాసన తగలగానే నాకు అడవిలో ఒక గుడారం, అందులో కాళ్లు చాపుకుని అటుకులు తింటున్న సుగుణక్క గుర్తుకొచ్చింది. అమ్మాయిలు ఏదో అడుగుతున్నారు కానీ నాకు వినబడలేదు.

సుగుణక్కది కృష్ణానగర్‌లో మా పక్క గది. సిద్దిపేట వైపు మనిషి. భర్త పోయాక జూనియర్ ఆర్టిస్టుగా చేరి, ఆ పనిలోనే తల నెరిసింది. మీరు ఆమెను చూసే ఉంటారు, గుర్తుపెట్టుకుని ఉండరు. పెళ్లి సీనులో అక్షింతలు వేసే ఆడవాళ్లలో, ఆసుపత్రి వరండాలో బల్ల మీద, రాణిగారి వెనక వింజామర పట్టుకున్న వరుసలో ఉండేది. నేను గ్రూప్ డ్యాన్సర్ కావాలని తెనాలి నుంచి వచ్చాను. రెండో ఏడు రిహార్సల్లో జారిపడి మోకాలు మెలిపడింది. కట్టు విప్పారు, నడవొచ్చన్నారు, అయినా భయం పోలేదు. మెట్టు కనిపిస్తే చెయ్యి గోడ కోసం వెతుక్కునేది. ఒకరోజు పెట్టె తీసి బట్టలు సర్దుకుంటుంటే సుగుణక్క గుమ్మంలో నిలబడింది.

"ఊరికి పోతవా?"

"ఇక్కడుండి ఏం చెయ్యనక్కా? మళ్లీ ఆడగలనన్న నమ్మకం లేదు."

"పో, వద్దంటలేను. గని పోయే ముందు నాతోని ఒక్క జాగకు రావాలె. ఒక్కదాన్ని పోలేను నేను."

ఎక్కడికో చెప్పలేదు. ముందు నా కాలికి అలవాటు కావాలని, రోజూ పొద్దున్నే జూబ్లీ హిల్స్ పార్కుకు తీసుకెళ్లి నడిపించింది. గేటు బయట కార్ల దగ్గర డ్రైవర్లు టీ తాగుతుండేవారు. లోపల ఖరీదైన బూట్లతో నడిచేవాళ్ల మధ్య సుగుణక్క నేత చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, హవాయి చెప్పులతో తన పద్ధతిలో తను నడిచేది. ఒకసారి ఒక పెద్దాయన ఆగి, "మిమ్మల్ని ఎక్కడో చూశానమ్మా," అన్నారు.

"సినిమాలల్ల చూసి ఉంటరు సార్."

"అలాగా, ఏ సినిమాలో?"

"అన్నిట్ల," అని ముందుకు నడిచింది. ఆ మాటలో గొప్పా లేదు, బాధా లేదు. పడ్డాక నేను మొదటిసారి గట్టిగా నవ్వింది అప్పుడే.

తీసుకెళ్లింది ఒక పాత కోటకు. చుట్టూ అడవి, ఆ అడవిని పార్కు చేసి కాలిబాటలు వేశారు, రాత్రి ఉండేవాళ్లకు గుడారాలు అద్దెకిస్తారు. బస్సు దిగి మేము చేరేసరికి వాన. గుడారం పైకప్పు మీద చినుకుల మోతకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. వాన వెలిశాక, బురదలో జాగ్రత్తగా అడుగులేస్తూ కోట దాకా నడిచాం. ముందు గోడ దగ్గర సుగుణక్క ఆగిపోయింది.

"గీడనే నిలబెట్టిన్రు మమ్మల్ని," అంది.

వయసులో ఉన్నప్పుడు ఒక రాజుల సినిమాకు వచ్చిందట. జూనియర్ ఆర్టిస్టులది ప్రజల వేషం. రాజుగారికి దండం పెట్టాలి, జయజయధ్వానాలు చెయ్యాలి. తాడు కట్టి, అది దాటొద్దన్నారు. వారం పాటు ఎండలో ఆ గోడకెదురుగా నిలబడింది. నాయికను మాత్రం రోజూ పైకి, రాణివాసంలోకి తీసుకెళ్లేవారు.

"పైన ఏముందని అడిగిన ఒకాయన్ని. నీకెందుకమ్మా అన్నడు. తప్పు మాటేం కాదు, నాకు పైన పని లేకుండె. గని గప్పటి సంది మనసుల ఉండిపోయింది."

ఈసారి టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లాం. మెట్లు రాతివి, ఎత్తుగా, వానకు నున్నగా ఉన్నాయి. నేను గోడకు అంటుకుపోయాను. సుగుణక్క చెయ్యి చాపింది. నన్ను నడిపించడానికేమో అనుకున్నాను.

"పట్టుకో పిల్లా, నాకు మోకాళ్లు లేస్తలేవు."

ఆమె బరువంతా నా భుజం మీద పడింది. ఒక చేత్తో ఆమె నడుము, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఇక గోడ పట్టుకోవడానికి చెయ్యేదీ? మలుపు దగ్గరల్లా ఆమె కూర్చునేది, మళ్లీ లేపేదాన్ని. పైకి చేరి ఆమెను నిలబెట్టాక గానీ నా కాలి సంగతి నాకు గుర్తు రాలేదు.

రాణివాసంలో ఏమీ లేదు. పెచ్చులూడిన సున్నపు గోడలు, గబ్బిలాల కంపు, ఒక కిటికీ. కిటికీలోంచి తడిసిన అడవి మాత్రం కనిపించినంత మేరా పచ్చగా ఉంది. సుగుణక్క అన్ని గోడలూ తడిమి చూసి, ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. మూసే వేళైందని కాపలాదారు కేకేసినా కదల్లేదు.

"ఏం లేదు కదక్కా," అన్నాను, ఆమె నిరాశపడిందేమోనని.

"ఏం లేదు. ఏం లేదని నా కండ్లతోటి నేను చూసిన గద."

దిగేటప్పుడు నా భుజం పట్టుకునే, మెల్లగా అంది: "ఊరికి పోతె పో బిడ్డా. గని లోపలికి పోయి చూసినంక పో. తాడు కాడినుంచే మర్లిపోకు."

నేను వెళ్లలేదు. తర్వాతి వారం రిహార్సల్ హాల్లో చివరి వరుసలో నిలబడ్డాను. మోకాలు నొప్పి పుట్టింది, కానీ నిలిచింది. కొన్నేళ్లకు డ్యాన్స్ మాస్టరు దగ్గర సహాయకురాలినయ్యాను. సుగుణక్క పోయినేడు, మధ్యాహ్నం భోంచేసి పడుకుని, మళ్లీ లేవలేదు. ఆ వీధిలో అందరికంటే ఎక్కువ నేనే ఏడ్చానని ఆమె కూతురు అంది.

ఇప్పుడు ఔట్‌డోర్ షూటింగులకు నా గ్రూపు అమ్మాయిలతో వెళ్తుంటాను. కోటలు, గుళ్లు, పాత బంగళాలు. ఎక్కడైనా సరే, మేకప్‌కు కూర్చోబెట్టే ముందు వాళ్లను లోపలంతా తిప్పుతాను. మేనేజర్లు విసుక్కుంటారు. "కెమెరాకు కనిపించేది ముందు భాగమే కదా మేడం, లోపలికెందుకండీ?" అంటారు. పావుగంట అడుగుతాను, ఇచ్చేదాకా కదలను. కొందరు ఆవలిస్తారు, కొందరు సెల్ఫీలు తీసుకుంటారు. కిందటి నెల కొత్తగా చేరిన ఒక పిల్ల చీకటిగా ఉన్న మెట్ల ముందు ఆగి అడిగింది: "పైన ఏముంది మేడం?"

"నాకూ తెలీదమ్మా," అని ముందు నేనే ఎక్కాను.