నాయన చేతిలో రంగుల గళ్ల ఆట

రైల్లో ఆడుకోవడానికి ఫోన్‌లో ఏ ఆట పనికొస్తుందో నన్నడగండి, చెబుతాను. ఒంటిచేత్తో ఆడేలా ఉండాలి. సిగ్నల్ లేకపోయినా నడవాలి, శబ్దం ఆపేసినా అర్థం కావాలి. ఊరొస్తే ఉన్నది ఉన్నట్టు ఆపి సంచిలో వేసుకుంటే, మళ్లీ తీసినప్పుడు అక్కడి నుంచే మొదలవ్వాలి. ఇదంతా నేను సరదాకి నేర్చుకున్న విద్య కాదు.

నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ధర్మవరంలో చిన్నప్పటి నుంచీ పట్టుచీరలు నేసిన చెయ్యి అది. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. రోజు విడిచి రోజు హిందూపురం తీసుకెళ్లి ఫిజియోథెరపీ చేయించాలి. ఇంట్లో తాడూ బొంగరం లేనిదాన్ని నేనే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. చీరల షాపులో ఉద్యోగం మానేశాను.

వేళ్లు కదలాలంటే ఫోన్‌లో ఏదైనా ఆట ఆడించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మొదట బండి తోలే ఆట పెట్టాను. నాయన వేలు కదిలేలోపే బండి పల్టీ కొట్టేది. ఇంకో ఆట పెనుకొండ దాటగానే సిగ్నల్ లేక గుండ్రంగా తిరుగుతూ కూర్చునేది. చివరికి ఈ రంగుల గళ్ల ఆట దొరికింది. గళ్లను వేలితో ఎటైనా జరుపుకోవచ్చు. ఒకే రంగువి మూడు పక్కపక్కన చేరితే మాయమవుతాయి. తొందర పెట్టే గడియారం లేదు. కాకపోతే గళ్లు మాయం చేయకుండా ఊరికే జరుపుతూ ఉంటే, కాసేపటికి ఓడిపోయావంటుంది.

నాయన ఓడిపోతూనే ఉన్నాడు. రెండు ఎరుపు గళ్లు పెట్టి, మధ్యలో పసుపు పెట్టి, కింద వరసంతా ఆకుపచ్చా ఊదా మార్చి మార్చి సర్దేవాడు. మూడో ఎరుపు పక్కనే ఉన్నా దాని జోలికి పోడు.

"దాన్ని కూడా చేర్చు నాయనా, ఆడే ఉండాది కదా!"

"చేరిస్తే పోతాయి పాపా. అంచు ఎంత బాగా కుదిరుండాదో చూడు."

"పోవాలనే కదా ఆడేది!"

"నేసింది చెరుపుకునేది కూడా ఒక ఆటేనా?" అని నవ్వేవాడు. "చెయ్యి రానీ, ఈ అంచు మగ్గం మీదికి ఎక్కిస్తా."

నాకు ఒళ్లు మండేది. క్రాసింగ్ కోసం పెనుకొండలో బండి నిలబడిపోతే, కిటికీ ఊచలకూ ఆయన భుజానికీ మధ్య ఇరుక్కుని ఊపిరాడేది కాదు. ఆయన మగ్గం ఎక్కితే తప్ప నాకు విడుదల లేదు. ఆ చెయ్యి కోసం ఆయన ఎంత ఎదురుచూశాడో నేనూ అంతే ఎదురుచూశాను.

ఒకరోజు హిందూపురంలో నాయనే డాక్టర్ని అడిగాడు, మగ్గం ఎప్పుడు ఎక్కొచ్చని. డాక్టర్ మంచివాడే, దాచలేదు.

"అన్నం కలుపుకోవడానికి వస్తుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వస్తుంది. మగ్గం సంగతి మాత్రం మర్చిపోండి పెద్దాయనా."

"సరే సార్" అని నాయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

తిరుగు ప్రయాణంలో పెనుకొండలో బండి ఎప్పటిలాగే ఆగింది. నాయన తనంతట తానే ఫోన్ అడిగి తీసుకున్నాడు. ఎరుపు మూడూ చేర్చాడు, పోయాయి. పసుపు మూడూ చేర్చాడు, పోయాయి. అంచూ లేదు, బుటా లేదు, ఏది దొరికితే అది చెరిపేస్తున్నాడు. గెలిచావని ఫోన్ పూలు చల్లుతోంది. గెలవమని ఇన్నాళ్లూ పోరింది నేనే. ఇప్పుడు ఆ ఫోన్ లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. ఏడుపొచ్చింది. ఆయన కోసమా, నా కోసమా అంటే ఇద్దరి కోసమూ.

ధర్మవరం వచ్చింది. పెట్టెలో అందరూ దిగిపోతున్నారు. నాయన మాత్రం కూర్చునే ఉన్నాడు.

"ఊరొచ్చింది నాయనా, ఇంగ ఆపు."

ఆయన తలెత్తలేదు. వేలు జరుగుతూనే ఉంది.

"ఆపి ఏం చేయాల పాపా?" అన్నాడు.