తెల్లమందు

మా నేతగాళ్ల వాడలో అందరూ నన్ను చదువుల తల్లి అనేవాళ్లు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు చిర్రెత్తుకొస్తుంది. పరీక్షల్లో మొదటిదాన్నే, కాదనను. ఉర్దూలో లెక్కలు చేసేదాన్ని, మనిషి గుండెకు ఎన్ని గదులో కూడా ఉర్దూలోనే చెప్పేదాన్ని. సిద్దిపేటలో ఆడపిల్లల బడి ఏడో జమాతుతో ఆగిపోతే, బాపు ఒక మునిషీని బతిమాలి ఇంటికి రప్పించి పై పరీక్షకు చదివించాడు. తెలివికేం తక్కువ లేదు. అవసరం పడ్డ రోజున ఆ తెలివి ఏ గంగలో కలిసిందన్నదే నేను చెప్పబోయేది.

అది నైజాం కాలం. ఎక్కడో జరుగుతున్న యుద్ధం వల్ల ఇక్కడ మాకు నూలు దొరికేది కాదు. వారంలో సగం రోజులు బాపు మగ్గం గుంటలో దిగకుండా అరుగు మీదే కూర్చునేవాడు. బాపుకు నూలు లేకపోతే నాకు కండెలు చుట్టే పని లేదు. అట్లా పొద్దుటిపూట చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లోనే నాకు సర్కారు దవాఖాన అలవాటైంది.

డాక్టర్ సాబ్ పట్నం నుంచి వచ్చినాయన. తెలుగు ముక్క రాదు. మా ఆడవాళ్లకు ఉర్దూ రాదు. వచ్చినా పరాయి మగవాడికి రోగం సంగతి చెప్పే రకాలు కారు. తెర అవతల ముడుచుకుని కూర్చుని, కడుపులో బాగాలేదని ఒక్క మాట అని ఊరుకుంటారు. ఎక్కడ, ఎప్పటి నుంచి అని ఆయన అడిగితే గోడను అడిగినట్టే. ఒకరోజు మా అవ్వకు జ్వరం వస్తే వెంట వెళ్లి ఇటు మాట అటు, అటు మాట ఇటు నేను చెప్పాను. అది విని, రోజూ పొద్దున రెండు గంటలు వచ్చి తెర దగ్గర కూర్చోమన్నాడు. జీతం బత్తెం లేని కొలువు. నాకు మాత్రం తహసీల్దారు పదవి దొరికినంత సంబరమైంది.

మాటలు మోయడంతో మొదలై నాడి చూడడం, నాలుక చూడడం, పుండ్లు కడగడం నేర్చుకున్నాను. పుండు కడిగేటప్పుడు పిల్లలు తన్నుకుని ఏడిస్తే పాట ఎత్తుకునేదాన్ని. పాట వినబడగానే సగంమంది నోరు మూసేవాళ్లు. మిగతా సగంమంది నా పాటకంటే గట్టిగా ఏడ్చేవాళ్లు.

ఆ పాటలు నావి కావు, వదినవి. వదిన మా పక్కింటి కోడలు. చింతమడక నుంచి కాపురానికి వస్తూ ఇత్తడి సామానుతో పాటు గంపెడు పాటలు తెచ్చుకుంది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అటు ఆమె రాట్నం, ఇటు నా రాట్నం. ఆమె ఒక చరణం అంటే నేను అందుకునేదాన్ని. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు దించాలో గోడ అవతలి నుంచే నేర్పింది. నాకు సంగీతం గురువంటూ ఉంటే ఆమే.

మెట్రిక్ మంచి మార్కులతో అయ్యాక డాక్టర్ సాబ్ బాపును పిలిపించాడు. ఈ పిల్ల డాక్టరీకి పనికొస్తుందని, హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీకి తాను కాగితం రాసిస్తానని, దాంతో సీటూ ఉండే జాగా రెండూ దొరుకుతాయని చెప్పాడు. ఆ కాగితం లేకుండా నేతగాడి బిడ్డను గేటు లోపలికి కూడా రానివ్వరు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. బాపు ఒప్పుకున్నది ఆ కాగితం మీద నమ్మకంతోనే. కాలేజీలో చేరే వేళకు రాసిస్తానన్నాడు, దానికి ఇంకా ఒక్క నెల ఉంది.

ఆ నెలలోనే వదిన గోడ అవతల రాట్నం ఆపి, మా ఇంటికి వచ్చి, నా చెవిలో మూడో నెల అని చెప్పింది. అంతకు ముందు ఒక కడుపు నిలవలేదు. ఐదో నెల నిండకముందే అందరికీ చెప్పుకోవడం వల్లే దిష్టి తగిలిందని వాళ్ల అత్త తేల్చింది. ఈసారి మూడో చెవికి తెలియకూడదు. నాకు చెప్పకుండా ఉండలేక చెప్పింది గానీ, నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిన చెయ్యి పెట్టామో వాళ్లకు కీడు జరుగుతుందని మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

పది రోజులకు వదినకు కడుపునొప్పి వచ్చింది. రెండు రోజులు ఓర్చుకుని, ఖాళీ సీసా ఒకటి కడిగి పట్టుకుని దవాఖానకు వచ్చింది. మందుకు సీసా మనమే తెచ్చుకోవాలి. తెర అవతల కూర్చుని నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు.

కడుపు కదలని వాళ్లకు మా దవాఖానలో తెల్లమందు ఇచ్చేవాళ్లు. అది పేగులు కడిగి పారేసే మందు, కడుపుతో ఉన్నవాళ్లకు ముప్పు. పెళ్లయిన ఆడమనిషికి అది రాసేముందు నెల తప్పిందా అని అడగాలని డాక్టర్ సాబ్ నాకు మొదటి వారమే నేర్పాడు. ఆ రోజు వదినదీ ఆ బాధే అనుకుని మందు రాయబోతూ ఆయనే గుర్తు పెట్టుకుని అడిగాడు. నేను ఆమెను అడిగినట్టు కూడా నటించలేదు. "లేదు సాబ్" అన్నాను.

గుండెకు నాలుగు గదులని చదివినదాన్ని, తెల్లమందు ఏం చేస్తుందో తెలిసినదాన్ని. అయినా ఆ క్షణంలో నాకు మందు మీద భయం లేదు, ఒట్టు మీదే భయం. నిజం చెబితే వదిన చచ్చిపోతుందని నిజంగానే నమ్మాను. కాంపౌండర్ సీసాలో తెల్లమందు పోసి, మోతాదులకు గుర్తుగా కాగితం కత్తిరించి అంటిస్తుంటే పక్కనే నిలబడి చూశాను.

మూడో రోజుకు ఆ కడుపు కూడా పోయింది.

అత్త మళ్లీ దిష్టే అంది. ఎవరి కన్ను పడిందోనని వాడలో ఒక్కొక్కరినీ అనుమానించింది, నన్ను తప్ప. నేను వెళ్లి వదిన మంచం దగ్గర కూర్చుని, ఆ మందు ఎట్లాంటిదో, నేనేం చెప్పానో మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేనే గద చెప్పద్దన్నది," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు డాక్టర్ సాబ్‌కు కూడా చెప్పాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి విన్నాడు. మందు వల్లే పోయిందో, అసలు కడుపు పోవడానికే ఆ నొప్పి మొదలైందో తాను చెప్పలేనన్నాడు. తర్వాత నాకు అర్థం కావాలని నెమ్మదిగా ఉర్దూలో అన్న మాట తెలుగులో ఇది: "నువ్వు చదివిందంతా నీ నాలుక మీదే ఉంది, లోపలికి పోలేదు. లోపలికి పోయిన రోజున కాగితం రాస్తాను. రేపు మామూలుగా పనికి రా."

నేను వెళ్లలేదు. ఆయన మీద కోపం, నా మీద అంతకు మించిన కోపం. ఆ ఏడు కాలేజీ గడువు దాటిపోయింది. బతుకమ్మకు ఆడవాళ్లు పాట ఎత్తమని ఎంత అడిగినా ఎత్తలేదు. గోడ అవతల రాట్నం చప్పుడు వినబడేది గానీ పాట వినబడేది కాదు. వదిన నాతో మాట్లాడడం మానేసింది. నా మొహం చూడడం ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. ఆమె స్థానంలో నేనుంటే నాకూ ఇష్టం ఉండేది కాదు. సంగతి తెలిశాక బాపు నన్ను ఒక్క మాట అనలేదు. "పోగు తెగిందని మగ్గం ఎవరన్న ఇడిసిపెడ్తరా బిడ్డా? ముడేసి నేస్తరు," అని మాత్రం ఒకసారి అన్నాడు. నేను కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఏడాది తిరిగింది. ఒకరోజు పొద్దున్నే వదిన మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు పడుగు నూలుకు ఆసు పోస్తున్నారు, వాళ్లలో ఆమె అత్త కూడా ఉంది. వదిన గొంతు తగ్గించలేదు.

"నెల తప్పింది పిల్లా. దవాఖానకు పోదాం, నడువు."

అత్త చేతిలో నూలు అట్లాగే ఆగిపోయింది. నేను అక్కడికి వెళ్లడం మానేశానని గొణిగాను. "నువ్వు రాకుంటే నా మాట ఆయనకెవలు చెప్తరు?" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అత్త వెనక నుంచి ఏదేదో అంటూనే ఉంది. మేం సందు మలుపు తిరిగేదాకా వినబడింది.

దవాఖానలో వదిన తెర అవతల కూర్చోలేదు. తెర అంచు పక్కకు లాగి, కొంగు తల మీదికి సర్దుకుని డాక్టర్ సాబ్ ముందే నిలబడింది.

"సాబ్, నాకు రెండో నెల. పోయినసారి గీ పిల్లతోని లేదని చెప్పిచ్చింది నేనే. పిల్ల తప్పు లేదు."

ఆయన నా వైపు చూశాడు. మొదటి మాట ఉర్దూలో చెప్పాను. రెండోదీ చెప్పాను. అక్కడ ఆగిపోయాను.

ఆమె ఇంకేదో అన్నదని ఆయన అన్నాడు. అది నిజం కాదు సాబ్, అందుకే చెప్పడం లేదన్నాను.

"నిజమో కాదో నువ్వు తేల్చకు. ఆమె ఏమన్నదో చెప్పు."

పిల్ల తప్పు లేదంటున్నది సాబ్, అని చెప్పాను. చెబుతూనే ఏడ్చాను. ఆయన నా ఏడుపు తగ్గేదాకా ఆగి, వదినను అడగవలసినవన్నీ అడిగాడు. నేను ఒక్క ముక్క వదలకుండా ఇటూ అటూ చెప్పాను, సిగ్గుపడవలసినవి కూడా. ఆయన వదినకు చీటీ రాసిచ్చి, బరువులు ఎత్తొద్దని, ప్రతి నెలా రమ్మని చెప్పమన్నాడు. అదీ చెప్పాను. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి, పైన హైదరాబాదు కాలేజీ పేరు రాసి, మా బాపు పేరు అడిగాడు.