బాంజో కర్ర మీది పెన్సిల్ గీతలు

అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా అమ్మాయి ఇంటి పక్కన ఒక తెల్ల ముసలాయన ఉండేవాడు. నా ఈడువాడే. ఊపిరితిత్తుల జబ్బు. ముక్కుకు గొట్టంతో వరండాలో కూర్చునేవాడు. ఆయన దగ్గర వాళ్ల తాత చేసిన బాంజో అనే తీగల వాయిద్యం ఉంది. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద తోలు, చుట్టూ బిగించే ఇనుప కొక్కేలు. తీగలు తీసేస్తే మా డప్పే అది. తోలు చిరిగిపోయింది. నేను డప్పులు కట్టినవాడినని మా అమ్మాయి చెబితే నా చేతిలో పెట్టాడు. తాను పోయేలోగా బాగుచేయించి కూతురికి ఇవ్వాలట.

మేకతోలు తెప్పించి నానబెట్టాను. పాత తోలు ఊడదీశాక, లోపల కొత్త చెక్క కనపడేదాకా గీకడం మా పద్ధతి. పాత మురికి మిగిలితే కొత్త తోలుకు పురుగు పడుతుందని మా నాయన కొట్టి మరీ నేర్పాడు. బాంజో మెడ నుంచి ఒక కర్ర చట్రం లోపలికి అడ్డంగా దూరి ఉంది. దాని మీద నల్లగా ఏవో గీతలు. గరుకు కాగితంతో రుద్దేశాను.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. ఇంగ్లీషు అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటాను. కలిపి రాసిన చేతిరాత నా కంటికి మురికే.

మా అమ్మాయిని వెంటబెట్టుకుని తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన తీగ మీటలేదు. బాంజో తిప్పి, ఫోన్ లైటు వేసి లోపల వెతికాడు. ఏదో అడిగాడు.

"ఏమంటుండు బిడ్డా?"

"కర్ర మీద తాత పేరుండాలె, ఏదంటుండు. ఏం జేసినవ్ నాయినా?"

"సాఫ్ జేసిన."

"నిన్నెవరు జెయ్యమన్నరు?"

"తోలు కట్టేటోడు ఒకర్ని అడిగి గీకుతడా?"

"చేసినోళ్లు అక్కడనే పేరు రాస్తరట. వాళ్ల తాత చేతిరాత ఇంకేడ లేదట, నాయినా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. రుద్దిన పొడి ఉందా అని మాత్రం అడిగాడు. అప్పటికే ఊడ్చి చెత్తలో వేశాను. చెత్త బండి ఆ పొద్దునే వచ్చి వెళ్లింది. గరాజ్ అంతా వెతికితే గరుకు కాగితం ముక్క దొరికింది, ఒక మూల నల్లగా. ఇస్తే బాంజో పెట్టెలో పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా పోయాడు. ఆయన కూతురు పెట్టె తీసుకుపోవడానికి వచ్చి, మా ఇంటికొచ్చి ఆ ముక్క చూపించి ఇదేంటని అడిగింది. మా అమ్మాయి నా వైపు చూసింది.

"చెప్పు, దాయకు" అన్నాను.

చెప్పింది. ఆమె ఆ కాగితాన్ని ఎండకు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అందులో చదవడానికి ఏమీ లేదు.