వలలో వచ్చిన రోగి

యుద్ధం రోజుల్లో నేను నర్సుగా ఉన్న ఆసుపత్రికి కళింగపట్నం నుంచి ఎండుచేపలమ్మే ఒకావిడ వచ్చేది. పొద్దున్న రోగులకు చీటీలిచ్చే వరసలో ఏనాడూ నిలబడలేదు. సంతలో అమ్మకం ముగిశాక, మధ్యాహ్నం నేరుగా ప్రమాదాల గదికొచ్చి, గుమ్మంలో గంప బోర్లించి కూర్చునేది. అడిగితే ఒకటే మాట: "పొద్దున్నొస్తే సేపలెవులమ్ముతారు? ఈ తలుపు తీసున్నాది, వచ్చినాను."

ఒకరోజు చేపముల్లు గుచ్చుకున్న వేలితో వచ్చింది. కొత్త డాక్టరుగారికి ఒళ్లు మండింది.

"నడిచొచ్చేవాళ్లకి కాదీ గది, మోసుకొచ్చేవాళ్లకి! రేపు పొద్దున్న రా" అని వేలు చూడకుండానే పంపేశారు.

కాసేపటికి బయట కేకలు. ఇద్దరు మనుషులు కర్రకు వల కట్టి, అందులో ఆవిణ్ణి మోసుకొస్తున్నారు. డాక్టరుగారు కంగారుగా పరిగెత్తారు. ఆవిడ వలలోంచి లేచి కూర్చుని వేలు చాపింది.

"నడిసొస్తే సూడనన్నారు కదా బాబూ. మోయించుకొచ్చినాను. ఇప్పుడు సూడండి."

వరండా అంతా గొల్లున నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు. వేలు నల్లబడి, ఎర్రటి చార మోచేతిదాకా పాకింది. అప్పటికప్పుడే కోసి చీము తీశారు.

"రేపటిదాకా ఆగుంటే చెయ్యే పోయేది" అన్నారు మెల్లగా.

ఆవిడ కట్టు కట్టిన చేతిని జెండాలా పైకెత్తి, "తలుపెయ్యకండి బాబూ, మళ్లీ వస్తాను" అంటూ తన కాళ్లమీదే నడిచి వెళ్లిపోయింది.

ఆ తలుపు దగ్గర, నడిచొచ్చినవాళ్లను డాక్టరుగారు మళ్లీ ఆపలేదు.