తాతయ్య తెలుగులో ఎవరూ చనిపోలేదు

పోయిన శనివారం రెడ్‌మండ్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో రష్యన్ సినిమా ఒకటి వేస్తున్నారంటే, ఎవరితోనూ మాట్లాడాల్సిన అవసరం లేని చోటు కదా అని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. సోవియట్ దేశం కూలిపోయాక, అంతవరకూ చెప్పకూడనివన్నీ చెప్పుకోవడం మొదలైన రోజుల్లో తీసిన సినిమా అది. తెల్లవారుజామున ఎవరో తలుపు కొడతారు, ఇంటాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళి తీస్తాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తూనే ఉన్నా, నా చెవి మాత్రం పక్కనుంచి తాతయ్య గొంతు కోసం ఎదురుచూసింది.

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. వయసులో ఉండగా కొన్నేళ్ళు మాస్కోలో కాపురం పెట్టి, అక్కడి పుస్తకాలు తెలుగు చేసేవారు. మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటాయి అవి, దళసరి అట్టలు, బొద్దుగా ఉండే పిల్లలు, మంచులో జారుడు బళ్ళు, పేజీ ముక్కు దగ్గర పెట్టుకుంటే అదో రకం వాసన. చిన్నప్పుడే అమెరికా వచ్చేసిన నేను తెలుగు చదవడం నేర్చుకున్నది వాటిలోనే, ఈవేళ డైరీ తెలుగులో రాసుకోగలుగుతున్నదీ వాటి పుణ్యమే.

నేను హైస్కూల్లో ఉండగా ఒక వేసవిలో తాతయ్య, అమ్మమ్మ చాండ్లర్‌లో మా ఇంటికి వచ్చారు. బయట కాలు పెట్టలేని ఎండ. అమ్మా నాన్నా ఆఫీసుకి వెళ్ళిపోయాక మేం ముగ్గురం బ్లైండ్స్ మూసేసి, ఏసీ వేసుకుని, అమ్మ లైబ్రరీ నుంచి తెచ్చిన రష్యన్ డీవీడీలు చూసేవాళ్ళం. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, రష్యన్ ఏదో పాలూ రొట్టే కొనుక్కునేంత వచ్చు, అందుకని సినిమా నడుస్తుంటే తాతయ్య పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ ఉండేవారు. ఎంత బాగా చెప్పేవారంటే, ఆ గడ్డాల మనుషులంతా తెనాలిలో వాళ్ళ వీధివాళ్ళలా అయిపోయేవారు. అమ్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఏమండీ, మీ వాళ్ళు ఒక్క మాట అనడానికి ఇంతసేపు కిటికీలోంచి చూడాలా? ఈలోపు నాకు పప్పు ఉడికిపోతుంది" అనేది. "నువ్వు పప్పు సంగతి చూసుకో, ఆయన ఆలోచిస్తున్నాడు" అనేవారు తాతయ్య.

ఒక మధ్యాహ్నం చూసిన సినిమాలో బడిపంతులు ఒకాయన్ని పట్టుకుపోతారు, భార్య మూట పట్టుకుని జైలు కిటికీ ముందు నిలబడుతుంది. అంతవరకూ తాతయ్య గొంతు వింటూ కింద అక్షరాలు సరిగ్గా చదవని నేను, ఎందుకో ఆ రోజు చదివాను. అరెస్టు చేశారని ఉంది. తాతయ్య మాత్రం, ఆయన్ని ఉద్యోగం మీద దూరపు ఊరు పంపించారన్నారు. భార్య నిలబడింది సరుకుల లైన్లో అన్నారు. నేను ఆయన వైపు చూశాను, ఆయన టీవీ వైపే చూస్తున్నారు. ఆ వేసవి అంతా తాతయ్య తెలుగులో ఒక్కరు కూడా చనిపోలేదని అప్పుడు తట్టింది.

అమ్మమ్మ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని, "అచ్చం మాస్కోలో మన పక్క ఫ్లాట్ బామ్మలాగే ఉందండీ ఈవిడ. వాళ్ళాయన కూడా దూరపు ఊళ్ళో పని మీద ఉన్నాడన్నారుగా మీరు. పాపం, మనం ఉన్నన్నాళ్ళూ రానేలేదు" అంది.

మాస్కోలో చంటిపిల్లగా ఉన్న మా అమ్మని ఎత్తుకుని పెంచింది ఆ బామ్మేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. తాతయ్య నా చేతిలోంచి రిమోట్ తీసుకుని సినిమా ఆపేసి, అసలు సంగతి చెప్పారు. బామ్మ భర్తని కూడా ఇలాగే పట్టుకుపోయారట, మరి రాలేదట, ఆయన తప్పేమీ లేదని ఎన్నో ఏళ్ళకి ఒక కాగితం ఇచ్చారట. తాతయ్య వాళ్ళు మాస్కో వెళ్ళిన మొదటి చలికాలంలోనే ఆవిడ మా వాళ్ళ వంటింట్లో కూర్చుని తాతయ్యతో చెప్పుకుంది. ఆ వారం ఆయన బల్ల మీద ఉన్నది సంతోషంగా పెరిగే పిల్లల కథ. ఎంతో నమ్మి వచ్చిన దేశం, ఇంట్లో పసిపిల్ల, అన్నం పెడుతున్న ఉద్యోగం. అమ్మమ్మకి చెబితే అది నిజమని తాను కూడా ఒప్పుకోవాల్సి వస్తుందని, దూరపు ఊరు అనేశారు.

అమ్మమ్మ ఏడవలేదు, కోప్పడనూ లేదు. "ప్రతి కొత్త సంవత్సరానికీ నేను కేకు పట్టుకెళ్ళి, మీ ఆయన ఈసారన్నా వస్తున్నాడా అని అడిగేదాన్నండీ. నాకొచ్చిన నాలుగు ముక్కల రష్యన్‌లో అదొకటి. ఆవిడ నా బుగ్గ నిమిరి, వస్తాడులే అనేది" అంది.

తర్వాత అమ్మమ్మే నా వైపు తిరిగి సినిమా మొదట్నించీ పెట్టమంది, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని ఆయనతో అంది. చెప్పారు. ఈసారి ఎవర్నీ ఏ ఊరూ పంపలేదు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. అలాంటి సినిమాలు తీయడం రష్యాలో మళ్ళీ కష్టమైపోయిందని లైబ్రరీలో సినిమా గురించి మాట్లాడినాయన అన్నారు. నా స్నేహితులేమో ఆ పాత పుస్తకాలు మళ్ళీ అచ్చయ్యాయని హైదరాబాద్ నుంచి తెప్పించుకుని మురిసిపోతున్నారు. నేనూ తెప్పించుకున్నాను. చదువుతుంటే ఇప్పటికీ సంతోషమే వేస్తుంది, సిగ్గుగా ఉన్నా అది నిజం. నాకు తెలుగు నేర్పిన ఆ వాక్యాలు తాతయ్య రాసుకుంటున్నప్పుడు, గోడకి అవతల ఆవిడ మా అమ్మని జోకొడుతూ ఉండేదన్నమాట. ఆవిడ పేరేమిటని మొన్న అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఇంట్లో అందరూ బామ్మ అనే అనేవాళ్ళంది. ఇక అడగడానికి ఎవరూ లేరు.